కొంగ కింద గూఢచారి

గండయ్య గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. పేపర్లో ఫొటో పడే పని ఆయన ఒక్కటీ చేయలేదు. శామీర్‌పేట చెరువు పక్కన ఒక చిన్న ఊళ్లో గేదెలు కాశాడు, అంతే. కానీ మా అబ్బాయి విశ్వతేజ చిన్నప్పుడు అన్నం దగ్గర మొండికేస్తే నేను చెప్పిన కథ ఆయనదే. రాజుల కథలకు నోరు తెరవని వాడు, కొంగను వీపు మీద ఎక్కించుకుని బురదలో పాకిన గూఢచారి కథ అనగానే రెండు ముద్దలు ఎక్కువ తినేవాడు. వాడు పడీపడీ నవ్వే దాకా చెప్పి ఆపేసేదాన్ని. చివరి ముక్క చెప్పేదాన్ని కాదు. అందులో నా సిగ్గు కూడా కొంత ఉంది. ఇప్పుడు వాడు పెద్దవాడయ్యాడు, నాకూ దాచుకునే ఓపిక పోయింది, అందుకని మొత్తం చెబుతాను.

నా పేరు సీతామహాలక్ష్మి. మాది ఏలూరు దగ్గర. మా ఆయన వెంకటేశ్వరరావుకు తుర్కపల్లిలో మందుల ల్యాబులో ఉద్యోగం రావడంతో రెండు వేల ఒకటిలో ఇక్కడి కొత్త కాలనీకి వచ్చాం. కాలనీ అంటే పెద్ద మాట. పదకొండు ఇళ్లు, నలభై ఖాళీ ప్లాట్లు, వాటి హద్దురాళ్ల మధ్య మేస్తూ గండయ్య గేదెలు. పొద్దున్నే కంపెనీ బండి వచ్చి మా ఆయన్ని ఎక్కించుకుపోయాక, సాయంత్రం దాకా నేను మాట్లాడే మనుషులు ఇద్దరే. ఒకరు పాలు పోసే దుర్గాబాయి. రెండో మనిషి మా గేటు దగ్గర ఆగి మంచినీళ్లు తాగి పోయే గండయ్య.

ఆ ఊళ్లో ఎవరి గేదెల్ని వాళ్లు కాసుకోరు. పొద్దున పాలు పితకడం కాగానే అన్ని ఇళ్లవాళ్లూ కట్లు విప్పి బడి వెనక ఖాళీ జాగాలోకి తోలతారు. అక్కడి నుంచి ముప్పై నాలుగు గేదెలూ గండయ్యవి. చెరువు నీళ్లు వెనక్కి తగ్గిన నేలలో పొద్దంతా మేపి, పొద్దు గూకేవేళకు ఎవరి వాకిట్లోకి వాళ్ల గేదెను చేరుస్తాడు. పంట వచ్చినప్పుడు ఇంటింటికీ ఇన్ని వడ్లు ఇస్తారు. మధ్యాహ్నం తినడానికి సద్ది మాత్రం రోజుకో ఇంటివాళ్లు వంతుల ప్రకారం కట్టిస్తారు. ఆయన తండ్రి అలాగే బతికాడు. ఆయనా అలాగే బతుకుతున్నాడు. నలభై అయిదేళ్లు ఉంటాయేమో, సన్నగా, పొడుగ్గా, ఎండాకాలంలో కూడా భుజాన నల్ల గొంగడితో తిరిగేవాడు.

గండయ్యను చూస్తే సగం నిద్రలో ఉన్నట్టుండేవాడు. మిగతా సగంలో జంతువులతో మాట్లాడేవాడు. మనుషులకు కంపెనీలు ఉద్యోగాలు ఇచ్చినట్టు ఆయన మందలో అందరికీ ఉద్యోగాలు ఇచ్చాడు. టైగర్ అనే బక్క కుక్క వాచ్‌మన్. పహిల్వాన్ అనే మేకపోతు, ఆయన సొంత ఆస్తి అదొక్కటే, టైమ్‌కీపరు. ఒంటిగంటకు సరిగ్గా సద్ది మూటలో మూతి పెట్టేది కాబట్టి ఆ పోస్టు ఇచ్చాడట. గేదెల వీపుల మీద వాలే తెల్లకొంగకు మాత్రం పేరూ పోస్టూ ఒకటే, సూపర్‌వైజరు.

"గాయిన ఏం పని జెయ్యడమ్మా. మీదెక్కి గూసుంటడు, చూస్తుంటడు. కంపెనీల సార్లు గట్లనే ఉంటరంట గద?" అని అడిగాడు నన్ను ఒకసారి. మా ఆయనకు అప్పుడే సూపర్‌వైజరుగా ప్రమోషన్ వచ్చింది. నేను నీళ్ల చెంబు విసురుగా లాక్కుని లోపలికి వచ్చేశాను. లోపలికొచ్చాక నవ్వుకున్నాను.

మధ్యాహ్నం వేళ ఆ చెరువు దగ్గరికి నేనూ రెండు మూడు సార్లు వెళ్లాను. ఎండ పలచగా నీళ్ల మీద పడి ఉంటుంది. నీరెక్కడ ఆగిందో, ఆకాశం ఎక్కడ మొదలైందో గుర్తు పట్టలేం. గేదెలు ముక్కులు మాత్రం పైకి పెట్టి మునిగి ఉంటాయి. గట్టు అవతల రోడ్డు మీద పోయే బండ్ల చప్పుడు చెవిదాకా వచ్చేలోపే మెత్తబడిపోతుంది. తుమ్మచెట్టు కింద గండయ్య గొంగడి పరుచుకుని కూర్చుంటే, కాసేపటికి కూర్చున్నాడో పడుకున్నాడో ఆయనకే తెలిసేది కాదు. ఆ నిద్రలో గేదెలు ఆకాశంలో ఈదుతుంటాయని, తాను కింద నీళ్లలో మబ్బుల్ని కాస్తుంటానని చెప్పేవాడు. అక్కడ పది నిమిషాలు కూర్చున్నాక నాకు కూడా అది వింత మాట అనిపించలేదు.

రెండు వేల రెండు చలికాలంలో ఆ నిద్రే ఆయన కొంప మీదికి వచ్చింది.

దుర్గాబాయి గేదె పేరు సుక్క. నుదుటి మీద తెల్ల మచ్చ ఉంటుంది. ఆ వానాకాలంలో దాని దూడ పుట్టిన పదో రోజున చచ్చిపోయింది. అలాంటప్పుడు అక్కడ దూడ తోలులో గడ్డి కూరి, దాన్ని గేదె ముందు పెట్టి పాలు పితుకుతారు. గేదె ఆ గడ్డిదూడను నాకుతూ చేపుతుంది, పొదుగులోకి పాలు దింపుతుంది. సుక్క కూడా అలాగే రెండు పూటలా పాలిచ్చింది, సంక్రాంతి ముందు వరకు. ఆ తర్వాత సాయంత్రం పాలు ఉన్నట్టుండి మాయమయ్యాయి. పొద్దున మూడు లీటర్లు ఇచ్చే గేదె సాయంత్రం మంద నుంచి తిరిగొచ్చేసరికి పొదుగు వేలాడుతూ ఉండేది. మాకు సాయంత్రం వచ్చే లీటరు పావులీటరైంది. నాకు పాలు తక్కువైతే కోపం ఎక్కువవుతుంది. ఆ కోపాన్ని దుర్గాబాయి మీద చూపించాను. దుర్గాబాయి తన కోపాన్నీ, నా కోపాన్నీ కలిపి గండయ్య మీద చూపించింది.

"మాపటికి పొదుగు ఊడ్సినట్టు ఖాళీ ఉంటాంది. ఏం జేస్తున్నవ్ గండయ్యా నువ్వాడ?"

"కాస్తున్న అక్కా."

"కాస్తున్నవా, కలలు గంటున్నవా?"

గండయ్య గొంగడి సర్దుకుని పక్కింటి గేదెను తోలుకుపోయాడు.

జెర్రిపోతు పాము గేదె కాళ్లకు చుట్టుకుని పాలు తాగుతోందని కొందరన్నారు. పాల కేంద్రంలో పాలు కొలిచే అంజయ్య ఆ మాట కొట్టిపారేశాడు. ఆయన మాటంటే ఊళ్లో అందరికీ గురి. "ఇది రెండు కాళ్ల జెర్రిపోతు పని," అన్నాడు గండయ్య వైపు చూస్తూ. సోమవారం సాయంత్రం కేంద్రం దగ్గర అందరి ముందూ గడువు కూడా పెట్టాడు. "శుక్రారం మాపటిదాంక చూస్తం. దొంగెవడో చెప్పకపోతే శనారం సంది మంద ప్రతాప్ తోల్కపోతడు." ప్రతాప్ మేడ్చల్ వైపు ఫ్యాక్టరీలో పని పోయి ఖాళీగా తిరుగుతున్న కుర్రాడు. వాడికి గేదెకు, దున్నకు తేడా తెలుసో లేదో నాకు అనుమానమే. కానీ ఎవరూ వద్దనలేదు. నేనూ అనలేదు.

మంగళవారం గండయ్య గూఢచారి శాఖ పెట్టాడు. తాను నిద్రపోతానని ఆయనకు తెలుసు, అందుకే మొదటి పని టైగర్‌కు అప్పగించాడు. "సుక్క యెనకనే ఉండు. ఎవడన్న దగ్గరికొస్తే మొరుగు" అని రెండు సార్లు చెప్పాడు. టైగర్ తోక ఊపి సుక్క వెనకే బయలుదేరింది. సగం దూరం పోయాక గట్టు ఎక్కి, రోడ్డు దాటి, కంపెనీ బండ్ల డ్రైవర్లు బన్నులు పడేసే చాయ్ కొట్టు దగ్గర తేలింది. సాయంత్రం దాని పొట్ట నిండింది, సుక్క పొదుగు ఖాళీ అయింది.

బుధవారం పహిల్వాన్ వంతు. దాని మెడకు గంట కట్టి, ఆ తాడు కొస సుక్క మెడకు కట్టాడు. సుక్క కదిలితే గంట మోగాలి, గంట మోగితే తాను లేవాలి. పహిల్వాన్ ముందుగా తాడు తినేసింది. గంటను కూడా నమిలి చూసి, రుచించక వదిలేసింది. లేచేసరికి గండయ్య పక్కన మేకపోతు నెమరు వేస్తూ ఉంది, సుక్క జాడ లేదు. ఆ రోజే ఆయనకు ఇంకో భయం పట్టుకుంది. బురదలో తన అడుగులు తప్ప ఇంకో మనిషి అడుగులు లేవు. మరి నిద్రలో లేచి తానే తాగుతున్నాడేమో! మీసాలు వేళ్లతో రుద్ది వాసన చూసుకున్నాడట. అంతకు ముందు నమిలిన పచ్చిమిరపకాయ వాసన తప్ప ఏమీ రాలేదు. అయినా భయం పోలేదు.

ఆ రోజు సద్ది పంపాల్సిన ఇంటివాళ్లు పంపలేదు. పచ్చిమిరపకాయ, మంచినీళ్లతోనే పూట గడిపాడు. గురువారం కూడా ఎవరూ పంపలేదు. వడ్లు తగ్గినా ఆయన బాధపడేవాడు కాదు. వంతు తప్పిందంటే, ఆ ఇళ్లవాళ్లు తనను దొంగగా లెక్కేశారని అర్థం. ఆ సంగతి చాలా ఏళ్ల తర్వాత మా గేటు దగ్గర చెబుతూ, నీళ్లు తాగకుండానే చెంబు తిరిగి ఇచ్చేశాడు.

గురువారం ఆకలికి నిద్ర రాలేదు. అదీ మేలే అయింది. ఎండ నడినెత్తికి వచ్చాక గేదెలన్నీ నీళ్లలోకి దిగాయి. సుక్క మాత్రం మెల్లగా విడిపోయి, చంక ఎత్తు పెరిగిన జమ్ముగడ్డిలోకి దూరింది. క్షణంలో మాయమైంది. గండయ్య లేచి నిలబడి చూశాడు. ఎటు చూసినా పచ్చగా ఊగుతున్న జమ్మే. ఆ జమ్ము మీద ఒక తెల్లటి చుక్క తేలుతూ, నిదానంగా, ఎవరూ నడపని పడవలా పోతోంది. అది సూపర్‌వైజరు. సుక్క వీపు మీదే కూర్చుని ఉంది. గేదె కనపడకపోయినా కొంగ కనపడుతోంది. గండయ్య దాని వెంట నాలుగడుగులు వేశాడో లేదో, కొంగ రివ్వున లేచింది. జమ్ములో పెద్ద అలజడి, నీళ్ల చప్పుడు, అంతే. సుక్క ఏమీ తెలియనట్టు ఇటువైపుకే వచ్చేసింది. ఆ సాయంత్రం పాలు పూర్తిగా ఇచ్చింది.

అంటే మనిషి నడిచి వస్తే కొంగ లేస్తుంది, కొంగ లేస్తే దొంగ పారిపోతాడు. కాబట్టి గూఢచారి మనిషిలా ఉండకూడదు.

శుక్రవారం మధ్యాహ్నం గండయ్య నల్ల గొంగడి నీళ్లలో ముంచి, బురద పట్టించి, నెత్తి మీది నుంచి కప్పుకుని, నాలుగు కాళ్ల మీద జమ్ములోకి దిగాడు. గేదెలా నడవాలంటే ముందు కుడిచెయ్యా, ఎడమకాలా అని కాసేపు ఆలోచించాల్సి వచ్చిందట. ఇరవై ఏళ్లు చూశాడు గానీ ఎప్పుడూ గమనించలేదు. పది బారలు పోయేసరికి వీపు మీద ఏదో తేలిగ్గా వాలింది. సూపర్‌వైజరు! మోసం పసిగట్టకపోగా, పాపం డ్యూటీ కూడా మొదలుపెట్టింది. గొంగడి మీది పురుగుల్ని ఒక్కొక్కటిగా పొడుస్తోంది. గండయ్యకు చక్కిలిగింత. నవ్వితే కొంగ లేస్తుంది. నవ్వును పళ్ల మధ్య బిగించి పట్టుకుని పాకాడు. ఒళ్లంతా వణుకుతోంది, కొంగ కూడా దానితో పాటు వణుకుతోంది.

ఇదంతా ఒక మనిషి చూస్తోందని ఆయనకు తెలియదు. దుర్గాబాయి కూడా అదే రోజు గూఢచారిగా వచ్చింది. చెరువు గట్టు మీద తూము పక్కన చతికిలబడి, కోసిన గడ్డిమోపు నెత్తి మీదికి లాక్కుని, గడ్డికుప్పలా కూర్చుంది. గట్టు ఎత్తు కాబట్టి జమ్ము మధ్యలో గేదెలు తొక్కి గుండ్రంగా చేసిన చోటు అక్కడి నుంచి కనిపిస్తుంది. సుక్క అక్కడ నిలబడి ఉంది. దాని వైపు ఇంకో నల్ల గేదె పాకుతూ వస్తోంది, దాని మీద కొంగ. "ఇదెవ్వల బర్రె? తోకేది దీనికి?" అనుకుందట దుర్గాబాయి. ఇంతలో ఎవరో తన గడ్డి లాగుతున్నట్టు అనిపించింది. తలెత్తితే పహిల్వాన్. గూఢచారి వేషాన్ని కొస నుంచి నమలడం మొదలుపెట్టింది. కసిరితే గండయ్య వింటాడు. చేత్తో తోస్తే పోదు. అలాగే ఊరుకుంది. కాసేపట్లో కుప్ప సగమైంది.

అప్పుడు అటువైపు జమ్ము కదిలింది.

వచ్చింది మనిషి కాదు, పాము కాదు. ఏడాదిన్నర వయసున్న పడ్డ, ఇంకా ఈనని ఆడదూడ. కొమ్ములు కూడా వచ్చాయి. మందలో నడిచే అంజయ్య పడ్డ అది. అంతకు ముందు ఎండాకాలంలో దాన్ని అంజయ్యకు అమ్మింది దుర్గాబాయే. సుక్క మొదటి దూడ అది. పాలు మరిచిపోయింది కదా అని అమ్మింది. ఇల్లు మారింది గానీ మంద మారలేదు. పొద్దున ఇద్దరూ ఒకే బడి వెనక కలుస్తారు, ఒకే నీళ్లలో మునుగుతారు. ఆ ఊళ్లో అమ్మకం అంటే సాయంత్రం ఎవరి వాకిట్లోకి పోవాలన్నది మాత్రమేనని దుర్గాబాయికి అప్పటిదాకా తట్టలేదు.

పడ్డ ఎదిగిపోయింది కదా, నిలబడితే పొదుగు అందదు. ముందు కాళ్లు మడిచి మోకాళ్ల మీద కూర్చుని, మెడ పక్కకు తిప్పి, తోక ఊపుతూ తాగింది. సుక్క వెనక్కి తిరిగి దాని వీపు నాకుతోంది. ఇంట్లో గడ్డిదూడను నాకినట్టు కాదు. కళ్లు సగం మూసుకుని, ఆగి ఆగి, తొందర లేకుండా. గండయ్య నాలుగు బారల దూరంలో గొంగడి కింద ఊపిరి బిగబట్టి చూశాడు. దొంగ దొరికింది. తన మీది మచ్చ పోయింది. ఆనందంతో కేక వేయాలనిపించిందట. కానీ వెంటనే అంజయ్య కొట్టంలో గోడకు వేలాడుతున్న తోలుపట్టీ గుర్తొచ్చింది.

ఆ పట్టీకి బయటివైపు మేకులు ఉంటాయి. పాలు మానని దూడ మూతికి కడతారు. దూడ పొదుగు దగ్గరికి పోతే మేకులు తల్లికి గుచ్చుకుంటాయి, తల్లి తంతుంది. రెండు మూడు రోజులు తన్నులు తిన్నాక దూడ ఇంక రాదు. యజమానులు చెబితే గండయ్య కూడా ఒకప్పుడు కట్టాడు. తల్లి ఎందుకు తంతోందో తెలియక ఆ దూడ దూరంగా నిలబడి చూసిన చూపును ఆయన మరిచిపోలేదు. చప్పుడు చేయకుండా, వచ్చిన దారినే వెనక్కి పాకాడు. సూపర్‌వైజరు చివరిదాకా దిగలేదు.

ఆ సాయంత్రం పాల కేంద్రం దగ్గర నేనూ ఉన్నాను. వారం రోజులుగా పాలు తక్కువైన మనిషిని, నా న్యాయం నాకు కావాలని కాలనీ నుంచి పనిగట్టుకుని వెళ్లాను. క్యాన్లతో వచ్చినవాళ్లు ఒక ఇరవై మంది ఉంటారు. దుర్గాబాయి స్టీలు చెంబుతో ఒక పక్కన నిలబడింది, జుట్టులో ఇంకా గడ్డి ఉంది. ఆమె ఏదో చెప్పబోయేలోపే అంజయ్య గొంతు పెద్దది చేశాడు.

"గండయ్యా, టైం అయిపోయింది. దొంగ దొరికిండా?"

గండయ్య మోచేతుల దాకా బురద. అందరి వైపూ చూశాడు. అంజయ్య పడ్డ అక్కడే కేంద్రం పక్కన గుంజకు కట్టి ఉంది. దాని వైపూ చూశాడు.

"దొరికిండు."

"ఎవడు?"

"నేనే తాగిన."

గోల లేచింది. అందరి కంటే ముందు, అందరి కంటే గట్టిగా అరిచింది నేను. "నాకు ముందే తెలుసు! రోజూ మా గేటు దగ్గర మంచినీళ్లు తాగుతూ, మా పాలు తాగుతావా?" అన్నాను. ఆ మాట నా నోటి నుంచే వచ్చింది.

దుర్గాబాయి మాత్రం అరవలేదు. ముందుకు వచ్చింది.

"ఎట్ల తాగినవ్?"

గండయ్య తడబడ్డాడు. ఆయనకు అబద్ధం అలవాటు లేదు. చూసింది తప్ప ఇంకేదీ కల్పించడం చేతకాలేదు. "గిట్లనే అక్కా... మోకాళ్ల మీద గూసోని... మెడ పక్కకు తిప్పి..."

"తోక ఊపుకుంట తాగినవా?"

ఎవరో కిసుక్కుమన్నారు. గండయ్య నోరు తెరిచి దుర్గాబాయిని చూశాడు. అప్పుడే ఆమె జుట్టులోని గడ్డి కూడా చూశాడు.

ఆమె అందరి వైపూ తిరిగి, గట్టు మీది నుంచి చూసింది మొత్తం చెప్పింది, గొంగడి తీసేదాకా ఆ తోక లేని గేదె గండయ్యేనని తాను పోల్చుకోలేదన్న సంగతితో సహా. కొంగ సంగతికి నవ్వారు, మేకపోతు సంగతికి ఇంకా నవ్వారు, పడ్డ సంగతికి నవ్వు ఆగింది. అంజయ్య ముఖం ఎర్రబడింది. "గంతేనా? రేపే మూతికి పట్టీ కడ్త" అని గుంజ వైపు కదిలాడు.

"అంజయ్యా, ఆ పట్టీ ముట్టినవంటే రేపటి సంది నా పాలు నీ కేంద్రంల పొయ్య" అంది దుర్గాబాయి. "దాన్ని అమ్మింది నేను. నా బర్రె అమ్మలే, మేకులు గుచ్చుకునేది దానికి. దాని చిన్న బిడ్డ సచ్చిపాయె. పెద్ద బిడ్డొచ్చి తాగుతాంది. మాపటి పాలు నాకొద్దు. పడ్డ సూడిదై దానికే కడుపొచ్చినంక అదే మానుతది."

తర్వాత గండయ్య వైపు తిరిగింది. ఈసారి గొంతు వేరుగా ఉంది. "నువ్వెందుకు మీదేసుకున్నవ్ర?"

"నాదేమున్నదక్కా," అన్నాడు గండయ్య. "నాకు ఇంకో పని దొరుకుతది. దానికి ఇంకో తల్లి దొరకది గద."

నాకు అక్కడి నుంచి పరిగెత్తి వెళ్లిపోవాలనిపించింది. దుర్గాబాయి కేంద్రంలోంచి ఒక గ్లాసు తెచ్చి, తన చెంబులో ఉన్నది అందులోకి వంచింది. ఆ సాయంత్రం సుక్క ఇచ్చింది అర గ్లాసే.

"తాగిన అన్నవ్ గద. పట్టు, తాగు."

గండయ్య చేతుల బురద గొంగడికి తుడుచుకుని గ్లాసు అందుకున్నాడు. "సుక్కవేనా అక్కా?" అని అడిగాడు. ఆమె తల ఊపింది. ఆయన గ్లాసులోకి కొంచెంసేపు చూసి, రెండు గుక్కల్లో తాగేశాడు. ఇరవై ఏళ్లు ఆ గేదెనూ, దాని తల్లినీ మేపిన మనిషికి ఆ ఇంటి పాలు ఎలా ఉంటాయో తెలిసింది ఆ రోజే.